కొలత అమ్మేవాని చేతిలోనే ఉంటే... సాఫ్ట్‌వేరు అమ్మకాలలో మోసపు పద్ధతులు

పాల సంఘం సభ్యునికి కొలత విలువ ఏమిటో ఒకరు చెప్పనవసరం లేదు. సంఘం లేని రోజుల్లో పల్లెకు వచ్చే వ్యాపారి తన సోలతో తానే కొలిచేవాడు. పాలు చిక్కనో పలుచనో తానే చెప్పేవాడు. ధర కూడా తానే కట్టేవాడు. ఈ మూడు పనులూ ఒకే మనిషి చేతిలో ఉండుట వలన పాలు పోసినవారికి ఎదురు అడిగే దారి ఉండేది కాదు. సంఘం వచ్చిన తరువాత తూకం సభ్యుని కళ్ళ ఎదుట జరుగుతున్నది. వెన్న శాతం చీటీ మీద అచ్చయి చేతికి వస్తున్నది. సందేహం కలిగితే నమూనాను మళ్ళీ పరీక్షించమని అడిగే హక్కు కూడా ఉన్నది. సహకార పద్ధతిలోని బలమంతా ఈ చిన్న ఏర్పాటులోనే ఉన్నదని మేము ఎప్పుడూ చెబుతూ ఉంటాము.

అయితే ఇప్పుడు మన సంఘాలు, మన సభ్యుల ఇళ్ళు మరొక సరుకు కొంటున్నాయి. అది సాఫ్ట్‌వేరు. కంప్యూటరు గాని ఫోను గాని ఏ పని ఎలా చేయాలో చెప్పే ఆదేశాల కట్టకే సాఫ్ట్‌వేరు అని పేరు. పాల కేంద్రంలో తూకం, వెన్న శాతం, ధర కలిపి చీటీ తీసేది అదే. ఇంట్లో ఫోనులో డబ్బు పంపేది, పిల్లలు ఆటలాడేది కూడా దానితోనే. దాణా బస్తా అయితే మూతి విప్పి పిడికెడు తీసి చూస్తాము. పాల క్యాను అయితే తట్టి చూస్తాము. సాఫ్ట్‌వేరును అలా విప్పి చూసే వీలు లేదు. మీకు ఉన్న లోటు ఏమిటో అమ్మేవాడే చెబుతాడు. తన సరుకు ఆ లోటును తీరుస్తుందని కూడా అతడే చెబుతాడు. ధర కూడా అతడే చెబుతాడు. మూడు పనులు మళ్ళీ ఒకే చేతిలోకి వచ్చినవన్న మాట.

ఈ అవకాశాన్ని కొన్ని పెద్ద కంపెనీలు సైతం ఎలా వాడుకున్నవో ప్రభుత్వ సంస్థలు వేసిన కేసుల వలన బయటపడింది. వాటిలో కొన్నింటిని, మన దేశంలోని నిబంధనలను, సంఘాలు తీసుకోవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

పరీక్ష పేరుతో అమ్మకం

అమెరికాలో ఆఫీస్ డిపో అనే పెద్ద దుకాణాల సంస్థ ఉన్నది. కాగితాలు, కుర్చీలు, కంప్యూటర్లు అమ్ముతుంది. అక్కడ కంప్యూటరు బాగు చేయించుకొనేందుకు వచ్చినవారికి, మరికొందరికి, 'పీసీ హెల్త్ చెక్' అనే పరీక్షను ఉచితంగా చేసేవారు. ఆ పరీక్ష సాఫ్ట్‌వేరును సమకూర్చినది సపోర్ట్ డాట్ కామ్ అనే మరో కంపెనీ. పరీక్షకు ముందు దుకాణపు ఉద్యోగి నాలుగు ప్రశ్నలు అడిగేవాడు. కంప్యూటరు ఈ మధ్య నెమ్మదించిందా, వైరస్ ఉన్నట్లు హెచ్చరిక ఏదైనా వచ్చిందా, తరచు ఆగిపోతున్నదా వంటివి ఆ ప్రశ్నలు. ఏ ఒక్కదానికి అవునని చెప్పినా ఉద్యోగి ఆ గడిలో గుర్తు పెట్టేవాడు. తరువాత కంప్యూటరును వెతుకుతున్నట్లుగా తెర మీద కొంతసేపు కనిపించి, చివరకు వైరస్ లక్షణాలు ఉన్నవని ఫలితం వచ్చేది. అక్కడి నుండి వందల డాలర్ల ఖర్చయ్యే మరమ్మతు సేవను అమ్మేవారు.

అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తన ఫిర్యాదులో చెప్పిన అసలు సంగతి ఏమిటంటే, వైరస్ లక్షణాలు ఉన్నవన్న ఆ ఫలితానికి వెతుకులాటతో సంబంధమే లేదు. ప్రశ్నల గడిలో ఒక్క గుర్తు ఉంటే చాలు, ఆ ఫలితమే వచ్చేది. అంటే ముందే నిర్ణయించిన ఫలితాన్ని పరీక్ష రూపంలో చూపించారన్న మాట. ఈ పద్ధతి 2009 నుండి 2016 నవంబరు వరకు సాగిందని కమిషన్ తెలిపింది. 2012లోనే ఒక ఉద్యోగి, కొనుగోలుదారులకు ఇలా అబద్ధం చెప్పలేనని పై అధికారులకు రాసినా పద్ధతి మారలేదని కూడా తెలిపింది.

ఇది బయటపడిన తీరు మన టెస్టర్లు గమనించదగినది. 2016లో సియాటెల్ నగరంలోని కీరో అనే టెలివిజన్ కేంద్రం వారు అప్పుడే పెట్టె విప్పిన కొత్త కంప్యూటర్లను తీసుకొని ఆ దుకాణాలకు వెళ్ళారు. ఏ దోషమూ లేని ఆ కొత్త యంత్రాలలో కూడా వైరస్ లక్షణాలు ఉన్నవని పలు దుకాణాలలో చెప్పారు. మనం యంత్రాన్ని సరిచూడాలంటే ఏమి చేస్తాము? వెన్న శాతం ముందే తెలిసిన నమూనాను అందులో పోసి చూస్తాము. గెర్బర్ పరీక్షలో 10.75 మిల్లీలీటర్ల పాలు, 10 మిల్లీలీటర్ల ఆమ్లం, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు అని కొలతలు నిర్ణయించింది కూడా ఎవరు చేసినా, ఎన్నిసార్లు చేసినా ఒకే ఫలితం రావడానికే. టెలివిజన్ వారు చేసినది సరిగ్గా తెలిసిన నమూనా పరీక్షే.

2019 మార్చిలో ఆఫీస్ డిపో 2 కోట్ల 50 లక్షల డాలర్లు, సపోర్ట్ డాట్ కామ్ 1 కోటి డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొని కేసును పరిష్కరించుకున్నవి. ఆ సొమ్ము డబ్బు పోగొట్టుకొన్నవారికి తిరిగి ఇవ్వడానికి ఉద్దేశించినది.

ఇదే మోసం దుకాణం లేకుండా, తెర మీదనే జరగడం ఇంకా పాతది. 2008లో ఇన్నొవేటివ్ మార్కెటింగ్ అనే సంస్థ మీద అదే కమిషన్ కేసు వేసింది. 'మీ కంప్యూటరులో వైరస్ ఉన్నది' అని బెదిరించే ప్రకటనలు వేసి, విన్‌ఫిక్సర్ వంటి పేర్లతో పనికిరాని సాఫ్ట్‌వేరును పది లక్షల మందికి పైగా అమ్మారని కమిషన్ చెప్పింది. 2012లో కోర్టు 16 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలెనని తీర్పు ఇచ్చింది. మన ఫోనులో ఏదో చూస్తుండగా ఎర్ర రంగులో 'వైరస్ పట్టింది, వెంటనే ఇక్కడ నొక్కండి' అని వచ్చే ప్రకటన ఈ కుటుంబానికి చెందినదే. వార్త చదివే పేజీకి మీ ఫోను లోపల ఏమున్నదో పరీక్షించే శక్తి ఉండదు. అటువంటిది కనిపిస్తే ఏదీ నొక్కకుండా ఆ పేజీని మూసివేయడమే సరైన పని.

ఉచితం అన్న మాట వెనుక

ఒక సరుకును ఉచితంగా ఇస్తున్నపుడు, దానిని తయారు చేసే ఖర్చు ఎవరు భరిస్తున్నారని అడగడం సహకార సభ్యునికి అలవాటు కావలెను. వైరస్‌ల నుండి కాపాడుతామని చెప్పి ఎవాస్ట్ అనే కంపెనీ సాఫ్ట్‌వేరును ఇచ్చింది. మీరు ఇంటర్నెట్‌లో ఏమి చూస్తున్నారో ఇతరులు వెంటాడకుండా అడ్డుకుంటామని కూడా ప్రచారం చేసింది. కాని ఆ వివరాలనే తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా 2014 నుండి 2020 జనవరి వరకు వందకు పైగా సంస్థలకు అమ్మిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2024లో ఎవాస్ట్ 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. కాపలాకు పెట్టుకొన్నవాడే ఇంటి గుట్టు అమ్ముకొన్నట్లయింది.

ఉచితంగా వచ్చేదంతా మోసమని మేము చెప్పడం లేదు. ప్రభుత్వం ఇచ్చేవి, స్వచ్ఛందంగా నిపుణులు కలిసి తయారు చేసి ఎవరైనా వాడుకొనేటట్లు ఇచ్చే మంచి సాఫ్ట్‌వేర్లు ఎన్నో ఉన్నవి. ఖర్చు ఎక్కడి నుండి వస్తున్నదో తెలిసిన ఉచితం వేరు, తెలియని ఉచితం వేరు. సంఘానికి ఎవరైనా 'సాఫ్ట్‌వేరు ఉచితం' అని వచ్చినట్లయితే, సభ్యుల పేర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఎవరింట్లో ఎన్ని పాడి పశువులు ఉన్నవో ఆ వివరాలు ఎక్కడికి పోతాయని అడగవలెను. దాణా అమ్మేవారికి, అప్పులిచ్చేవారికి, ప్రైవేటు పాల కంపెనీలకు ఈ వివరాల కంటే విలువైనది వేరొకటి లేదు.

నెలకు ఇంతే అన్న ధర

ధరను ముక్కలుగా చెప్పి మొత్తాన్ని కనబడకుండా చేయుట మరొక పద్ధతి. 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం అడోబ్ అనే సాఫ్ట్‌వేరు కంపెనీ మీద కేసు వేసింది. ఫిర్యాదులోని విషయం ఇది: నెలకు ఇంత అని పెద్ద అక్షరాలలో ధర చూపిన పథకం నిజానికి ఏడాది ఒప్పందం. మొదటి ఏడాది మధ్యలో మానుకొంటే, మిగిలిన నెలల సొమ్ములో సగం రుసుముగా కట్టవలెను. ఆ సంగతి చిన్న అక్షరాలలో, మరో చోట నొక్కితే గాని కనిపించని గడులలో ఉంచారని ప్రభుత్వం ఆరోపించింది.

మన లెక్కలో దీనిని చూద్దాము. ఒక సంఘం నెలకు 1,500 రూపాయలని చెప్పిన సాఫ్ట్‌వేరును తీసుకొన్నదనుకొందాం. ఏడాదికి 18,000 రూపాయలు. అది సరిగా పనిచేయక 4 నెలలకు మానుకొన్నది. మిగిలిన 8 నెలల సొమ్ము 12,000. అందులో సగం 6,000 రూపాయలు వాడని సరుకుకు కట్టవలెను. సంఘానికి లీటరుకు ఒక రూపాయి మిగులుతుందనుకొంటే, 6,000 లీటర్ల పాలు సేకరిస్తే గాని ఆ సొమ్ము రాదు. 'నెలకు 1,500 మాత్రమే' అన్న మాట విని చేతులెత్తిన పాలకవర్గానికి ఈ లెక్క ఆనాడే తెలియవలసినది.

దీనికి తోడు, మొదటి ఏడాది ధర తక్కువ చెప్పి రెండవ ఏడాది పెంచుట, తూకం యంత్రానికి కలపడానికి ఒక రుసుము, చీటీ ఆకారం మార్చడానికి ఒక రుసుము, ఫోనుకు సందేశం పంపడానికి ఒక రుసుము అని ఒక్కొక్కటి తరువాత చేర్చుట కూడా జరుగుతూ ఉంటుంది. విడివిడిగా ఏ ఒక్కటీ పెద్దదిగా కనిపించదు.

లోపలికి ఒక తలుపు, బయటికి పది తలుపులు

చేరడానికి ఒక్క మీట చాలు, మానడానికి మాత్రం తిరిగి తిరిగి అలసిపోవలెను. అమెజాన్ కంపెనీవారి ప్రైమ్ అనే చందా గూర్చి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో వేసిన కేసు ఇటువంటిదే. చందా మానుకొనే దారిని కంపెనీ లోపల 'ఇలియడ్' అని పిలుచుకొనేవారని కమిషన్ తెలిపింది. ఇలియడ్ అంటే ట్రాయ్ యుద్ధం మీద గ్రీకు భాషలో ఉన్న చాలా పొడవైన కావ్యం. మానుకొనేవాడు నాలుగు పేజీలు దాటి, ఆరు సార్లు నొక్కి, పదిహేను ఎంపికల మధ్య దారి వెతుక్కోవలసి ఉండేదట. 2025 సెప్టెంబరులో ఆ కంపెనీ 250 కోట్ల డాలర్లకు కేసును పరిష్కరించుకొన్నది. అందులో 100 కోట్లు జరిమానా, 150 కోట్లు కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వవలసినది.

పిల్లల ఆటలలో కూడా ఇదే తీరు. ఫోర్ట్‌నైట్ అనే ఆటను తయారు చేసిన ఎపిక్ గేమ్స్ కంపెనీ, మీటలను తికమకగా అమర్చి ఒక్క నొక్కుతో డబ్బు కట్ అయ్యేటట్లు చేసిందని, తల్లిదండ్రుల అనుమతి లేకుండానే పిల్లలు కొనగలిగేవారని కమిషన్ ఆరోపించింది. 2022 డిసెంబరులో ఆ కంపెనీ ఇందుకు 24 కోట్ల 50 లక్షల డాలర్లు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకొన్నది. పాల డబ్బు జమ అయ్యే బ్యాంకు ఖాతాకు కలిపిన ఫోనునే పిల్లల చేతికి ఆటకు ఇచ్చే సభ్యులు ఈ సంగతి గుర్తుంచుకోవలెను.

ఇటువంటి తికమక అమరికలకు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే ఇంగ్లండు నిపుణుడు 'డార్క్ పాటర్న్స్' అని పేరు పెట్టాడు. చీకటి పద్ధతులు అనుకోవచ్చు. మన దేశపు నిబంధనలలో కూడా ఆ పేరే వాడుకలోకి వచ్చింది.

కృత్రిమ మేధ అనే కొత్త మాట

ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేరు అమ్మేవాడైనా ముందుగా చెప్పే మాట కృత్రిమ మేధ, అంటే ఏఐ. యంత్రమే ఆలోచించి పని చేస్తుందని అర్థం. ఇందులో నిజమైన పనితనం ఎంతో ఉన్నది. దానితో పాటు మాటల గారడీ కూడా ఉన్నది. అమెరికాలో డూ నాట్ పే అనే కంపెనీ తాను ప్రపంచంలో మొట్టమొదటి 'రోబో లాయరు' అని ప్రచారం చేసుకొన్నది. అది నిజంగా మనిషి లాయరుతో సమానంగా పని చేస్తున్నదా అని కంపెనీ పరీక్షే చేయలేదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చెప్పింది. 2024లో 1,93,000 డాలర్లు చెల్లించడానికి కంపెనీ ఒప్పుకొన్నది.

మన పాడి రంగంలో కూడా గేదె ఫోటో తీస్తే జబ్బు చెబుతామని, ఎదకు వచ్చిన రోజు చెబుతామని, పాల దిగుబడి పెంచుతామని మాటలు వినబడుతూ ఉంటాయి. అటువంటి మాట విన్నపుడు, ఎన్ని పశువుల మీద పరీక్షించారు, ఎన్నిసార్లు తప్పు చెప్పింది, పరీక్ష చేసినది మీరేనా లేక పశువైద్య కళాశాల వంటి వేరే సంస్థా అని అడగవలెను. ఎదను తప్పు చెబితే ఒక ఈత ఆలస్యమవుతుంది. ఆ నష్టం సాఫ్ట్‌వేరు అమ్మినవానిది కాదు, పశువు గల రైతుది.

మన దేశపు నిబంధనలు

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద 2020 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఈ సంస్థ 2023 నవంబరు 30న చీకటి పద్ధతుల నివారణకు మార్గదర్శకాలు జారీ చేసింది. మన దేశంలో సరుకులు గాని సేవలు గాని అమ్మే ఆన్‌లైన్ వేదికలకు, అమ్మకందార్లకు, ప్రకటనలిచ్చేవారికి ఇవి వర్తిస్తాయి. ఇందులో 13 పద్ధతులను పేరు పెట్టి నిషేధించారు. సభ్యులకు తరచు ఎదురయ్యేవి ఇవి:

ఒకటి, లేని తొందర పెట్టుట. 'ఇంకా రెండే మిగిలినవి, పది నిమిషాలలో ధర పెరుగుతుంది' అన్న అబద్ధం.

రెండు, మనం అడగని సరుకునో, విరాళాన్నో, బీమానో మన బిల్లులోకి చేర్చుట.

మూడు, వద్దన్నవారిని సిగ్గుపరచే మాటలు రాయుట. 'నాకు నా కుటుంబ రక్షణ అక్కరలేదు' అని నొక్కితే గాని బయటపడనీయకుండుట ఇటువంటిది.

నాలుగు, చందా ఉచ్చు. మానుకొనే దారిని దాచుట, కష్టం చేయుట, ఉచిత ప్రయోగానికి కూడా ముందే బ్యాంకు వివరాలు అడుగుట.

ఐదు, ధరను చివరిదాకా దాచి కొంచెం కొంచెంగా బయటపెట్టుట.

ఆరు, ఒకటి చూపి మరొకటి అంటగట్టుట.

ఏడు, సాఫ్ట్‌వేరు చందాల వసూలులో మోసం. ఉచిత కాలం ముగిసి డబ్బు వసూలు మొదలైనట్లు చెప్పకపోవుట, తెలియజేయకుండా మళ్ళీ ఏడాదికి పొడిగించుట, వాడని సౌకర్యాలకు సొమ్ము తీసుకొనుట ఇందులోకి వస్తాయి.

ఎనిమిది, వైరస్ ఉన్నదని బెదిరించి నకిలీ మందు అమ్ముట. పైన చెప్పిన విన్‌ఫిక్సర్ బాపతు ఇదే.

ఫోను నుండి ప్రతి నెలా తనంత తానే పోయే సొమ్ము విషయంలో రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. సొమ్ము తీసుకొనే ముందు కనీసం 24 గంటల ముందుగా సందేశం రావలెను. మానుకొనే వీలు కూడా ఉండవలెను. కనుక బ్యాంకు నుండి వచ్చే సందేశాన్ని చదవకుండా చెరిపివేయవద్దు. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోట చూస్తే ఏయే సంస్థకు అనుమతి ఇచ్చామో జాబితా ఉంటుంది. ఒక్కమారు తీరికగా ఆ జాబితా చూసి, అక్కరలేనివి తీసివేయండి. చదువు రాని సభ్యులకు సంఘం కార్యదర్శి గాని, ఇంట్లో చదువుకొనే పిల్లలు గాని ఈ సాయం చేయవలెను.

సంఘం కొనే ముందు

సంఘం సాఫ్ట్‌వేరు కొనే సందర్భంలో కొన్ని పనులు తప్పనిసరి అని మా అభిప్రాయం.

మొదటిది, తెలిసిన నమూనాతో పరీక్ష. అమ్మకందారు తన వెంట తెచ్చుకొన్న లెక్కలతో చేసే ప్రదర్శన చూసి నిర్ణయించవద్దు. మన సంఘంలో గడచిన ఒక బిల్లు కాలపు రిజిస్టరును తీసుకొని, అవే అంకెలు సాఫ్ట్‌వేరులో వేయించండి. మనం చేతితో వేసిన మొత్తానికి, దాని మొత్తానికి పైసలతో సహా పొంతన కుదరవలెను. వెన్న శాతం 5.68 వచ్చినపుడు ధర 5.6కు కడుతున్నదా, 5.7కు కడుతున్నదా చూడండి. ఒక సభ్యునికి ఒక పూటలో అది పైసలే. ఊరంతటికీ ఏడాది పొడవునా అది వేల రూపాయలు.

రెండవది, మూడేళ్ళ మొత్తం ఖర్చు రాతపూర్వకంగా తీసుకొనుట. చందా, పన్ను, యంత్రాలకు కలిపే ఖర్చు, మరమ్మతు, శిక్షణ, సందేశాల ఖర్చు అన్నీ కలిపి ఒకే అంకె రావలెను. ఆ అంకెనే పాలకవర్గ సమావేశంలో చదివి, తీర్మానం పుస్తకంలో రాయవలెను.

మూడవది, బయటికి వచ్చే దారి. ఎన్ని రోజుల ముందు చెబితే మానుకోవచ్చు, రుసుము ఎంత, సంఘం లెక్కలన్నీ మనకు అర్థమయ్యే రూపంలో ఉచితంగా తిరిగి ఇస్తారా లేదా అన్నది ఒప్పందంలో ఉండవలెను. అయిదేళ్ళ లెక్కలు అమ్మకందారు కంప్యూటరులోనే ఉండిపోయినట్లయితే, అతడు అడిగిన ధరకు మనం లొంగవలసి వస్తుంది. నెలకొకసారి లెక్కల ప్రతిని తీసి సంఘం బీరువాలో ఉంచుకొనుట మంచిది.

నాలుగవది, ధరల పట్టికను మార్చే అధికారం ఎవరికి ఉన్నది, మార్చినపుడు తేదీ, మార్చినవారి పేరు నమోదు అవుతున్నదా అన్నది. ఇది లేని సాఫ్ట్‌వేరు తాళం లేని గల్లాపెట్టె వంటిది.

ఐదవది, ఇప్పటికే వాడుతున్న సంఘాల వారితో మాట్లాడుట. అమ్మకందారు ఇచ్చిన పేర్లతో సరిపెట్టుకోకుండా, జిల్లా యూనియన్ ద్వారా మనమే తెలుసుకొని రెండు సంఘాలకు వెళ్ళి చూడవలెను. వాడి మానుకొన్న సంఘం ఒకటి దొరికితే మరీ మంచిది.

ఆరవది, తొందర పడకుండుట. 'ఈ రోజు సంతకం చేస్తేనే ఈ ధర' అన్నవానికి, పాలకవర్గం తీర్మానం లేనిదే సంఘం తరఫున ఎవరూ సంతకం చేయరాదని చెబితే చాలు. నిజమైన సరుకు వచ్చే నెల కూడా నిజమైన సరుకుగానే ఉంటుంది.

పైన చెప్పిన ఆరింటిలో ఏ ఒక్కదానికీ కంప్యూటరు చదువు అవసరం లేదు. దాణా టెండరు పిలిచినపుడు, క్యాన్లు కొన్నపుడు మన సంఘాలు పాటించే పద్ధతులే ఇవి. సాఫ్ట్‌వేరు అనేసరికి 'మనకేమి తెలుసు' అని వాటిని పక్కన పెట్టరాదన్నదే మేము చెప్పదలచినది.

మోసం జరిగినట్లయితే

సభ్యులు తమ ఇంటి అవసరాల కొరకు కొన్నదానిలో మోసం జరిగితే, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అక్కడ పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. సరుకుకు కట్టిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉన్న ఫిర్యాదులను జిల్లా కమిషన్ వింటుంది. మోసం జరిగిన రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయవలెను. ఖాతా నుండి డబ్బు కాజేసినట్లయితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకుకు కూడా తెలియజేయవలెను.

సంఘం కొన్న సరుకు విషయం కొంచెం వేరు. వ్యాపార అవసరం కొరకు కొన్నదానికి వినియోగదారుల చట్టం వర్తించదని అవతలివారు వాదించే అవకాశం ఉన్నది. అందువలన సంఘానికి అసలు రక్షణ ఒప్పంద పత్రమే. అమ్మకందారు నోటితో చెప్పిన ప్రతి హామీ ఆ పత్రంలోకి రావలెను. రాయడానికి ఇష్టపడని హామీని హామీగా లెక్కించవద్దు. బిల్లులు, సందేశాలు, తెర మీద కనిపించిన ప్రకటనల ఫోటోలు భద్రపరచండి.

పైన చెప్పిన కంపెనీలు ఊరూ పేరూ లేనివి కావు. వేల మంది ఉద్యోగులు, పెద్ద లాయర్లు ఉన్నవి కూడా వాటిలో ఉన్నవి. అందుచేత పేరును చూసి నమ్మవద్దు. ముఖ్యంగా పరీక్ష ఎవరు చేస్తున్నారు, ఆ పరీక్షను మళ్ళీ మనం చేసి చూసుకోగలమా అన్నది చూడండి. పాల కేంద్రంలో 'నా చీటీ చూపు, మళ్ళీ టెస్టు చెయ్యి' అని అడగడం నేర్చుకొన్న సభ్యులు, అదే మాటను సాఫ్ట్‌వేరు అమ్మేవానిని కూడా అడగవలెను. రాబోయే సర్వసభ్య సమావేశంలో, తమ సంఘం ఏ సాఫ్ట్‌వేరుకు ఏడాదికి ఎంత కడుతున్నది, ఒప్పంద పత్రం ఎక్కడ ఉన్నది అని ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ అడిగి తెలుసుకొనవలెనని మా మనవి. జవాబు చెప్పుట అధ్యక్షునికి, కార్యదర్శికి బాధ్యతే గాని బరువు కాదు.